జన్యు ప్రయోగశాలల్లో కొలువులు.. పట్టాకు పనితనం తోడైతేనే పిలుపు

* తాత్కాలిక పోస్టులే అధికం
* ప్రకటనను ఆసాంతం చదివాకే దరఖాస్తు
* రుసుం పేరుతో డబ్బు అడిగితే అనుమానించాల్సిందే

హైదరాబాద్‌: జీవశాస్త్రం చదివితే వైద్యవృత్తి లేదా అధ్యాపకవృత్తి తప్ప మరో దారి లేదన్న అభిప్రాయం జిల్లాల్లో చాలాకాలం బలంగా ఉండేది. 2000 దశకం ఆరంభంలో డిగ్రీ కళాశాలల్లో బయోటెక్నాలజీ కోర్సులు వెల్లువలా రావడంతో ఆ అభిప్రాయం కొంత మారింది. అయితే పట్టా చేతికి వచ్చినంత తేలికగా కొలువు చేతికి రాలేదు. కోర్సు పేరు చూసి చేరినవారిలో అనేకులు చివరకు మందుల కంపెనీల ప్రతినిధులుగానో, ప్రైవేటు పాఠశాలల్లో ఉపాధ్యాయులుగానో స్థిరపడ్డారు.

ఇప్పుడు అదే చదువుకు మరో ద్వారం తెరుచుకుంటోంది. లోపం ఉన్న జన్యువుకు బదులు సరైన జన్యువును రోగి కణాల్లోకి చేరవేసే చికిత్సలు మన దేశంలోనూ ప్రయోగశాల గడప దాటి ఆసుపత్రికి చేరాయి. వీటిపై పనిచేసే పరిశోధన సంస్థలు, కంపెనీలు ప్రాజెక్టు అసోసియేట్లు, పరిశోధక ఫెలోలు, సాంకేతిక సహాయకుల కోసం తరచూ ప్రకటనలు ఇస్తున్నాయి. ఈ ప్రకటనల వెనుక ఉన్న పని ఏమిటి, జీతం ఎంత, ఎన్నాళ్లు ఉంటుంది అన్నది తెలియకుండా అడుగువేస్తే మళ్లీ పాత అనుభవమే ఎదురయ్యే ప్రమాదం ఉంది. పిల్లల చదువుకు పొలమో, బంగారమో తాకట్టు పెట్టే కుటుంబాలకు ఈ అవగాహన మరింత అవసరం.

జన్యువును చేరవేయడం అంటే..

మనిషి శరీరంలోని ప్రతి కణానికీ చుట్టూ ఒక పొర ఉంటుంది. బయటి డీఎన్‌ఏ దానంతట అది ఆ పొరను దాటి లోపలికి పోలేదు. రక్తంలోకి నేరుగా ఎక్కిస్తే అక్కడి ఎంజైములు దానిని నిమిషాల్లోనే ముక్కలు చేస్తాయి. కనుక జన్యువును భద్రంగా మోసుకెళ్లి, కావలసిన కణంలో దించే వాహకం కావాలి. శాస్త్రవేత్తలు దీనినే వెక్టర్‌ అంటారు. జన్యు చికిత్సలో మందు ఎంత ముఖ్యమో, దాన్ని మోసే బండి కూడా అంతే ముఖ్యం.

ఈ వాహకాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకం వైరస్‌లు. కణంలోకి చొరబడటం వైరస్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. దానిలోని రోగకారక జన్యువులను తీసివేసి, ఆ చోట చికిత్సకు పనికివచ్చే జన్యువును ఉంచుతారు. అడినో అసోసియేటెడ్‌ వైరస్‌ (ఏఏవీ) సుమారు 4,700 అక్షరాల పొడవున్న జన్యు సమాచారాన్ని మాత్రమే మోయగలదు. లెంటివైరస్‌ అంతకంటే పెద్ద జన్యువును మోస్తుంది, కణంలోని డీఎన్‌ఏలో దాన్ని శాశ్వతంగా చేరుస్తుంది. రెండో రకం వైరస్‌తో పనిలేనివి. కొవ్వు పదార్థాలతో తయారైన అతి సూక్ష్మ గోళాలు వీటిలో ముఖ్యమైనవి. కొవిడ్‌ కాలంలో వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు శరీరంలోకి చేరింది ఈ గోళాల ద్వారానే. ఆ టీకాలకు దారి చూపిన పరిశోధనకు కాటలిన్‌ కరికో, డ్రూ వైస్‌మన్‌లకు 2023లో నోబెల్‌ బహుమతి లభించింది.

ఈ రంగం ఎదుగుదల నల్లేరు మీద నడకలా సాగలేదు. 1999లో అమెరికాలో జెస్సీ గెల్సింగర్‌ అనే 18 ఏళ్ల యువకుడు జన్యు చికిత్స ప్రయోగంలో వైరస్‌ వాహకం వల్ల తలెత్తిన తీవ్ర ప్రతిచర్యతో మరణించాడు. దాంతో ఈ పరిశోధనలు ఏళ్ల తరబడి మందగించాయి. వాహకం శుద్ధత, మోతాదు, భద్రతలపై ఇప్పుడు ఇంత కఠినమైన పరీక్షలు ఉండటానికి ఆ ఘటన కూడా ఒక కారణం. ఆ పరీక్షలు చేసే చేతులే నేడు ఉద్యోగాలుగా మారాయి.

మన దేశంలో ఎక్కడి దాకా?

కేన్సర్‌ రోగి సొంత రక్తకణాలను బయటకు తీసి, లెంటివైరస్‌ సాయంతో వాటిలో కొత్త జన్యువును చేర్చి, తిరిగి రోగికి ఎక్కించే సీఏఆర్‌-టీ చికిత్సకు మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి లభించింది. నెక్స్‌కార్‌19 పేరుతో వచ్చిన దీనిని ఐఐటీ బొంబాయిలో పుట్టిన ఇమ్యునోయాక్ట్‌ సంస్థ, టాటా స్మారక ఆసుపత్రి కలిసి అభివృద్ధి చేశాయి. బెంగళూరుకు చెందిన ఇమ్యునీల్‌ సంస్థ 2025 జనవరిలో ఇదే కోవకు చెందిన మరో చికిత్సను విడుదల చేసింది. ఈ తరహాలో మొదటిదైన కిమ్రియా ధరను 2017లో అమెరికాలో 4,75,000 డాలర్లుగా నిర్ణయించారన్నది గమనిస్తే స్వదేశీ తయారీ విలువ అర్థమవుతుంది.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు హీమోఫీలియా-ఏ వ్యాధి తీవ్రంగా ఉన్న ఐదుగురికి లెంటివైరస్‌ ద్వారా మార్పు చేసిన వారి సొంత రక్త మూలకణాలను ఎక్కించారు. చికిత్స తర్వాత వారిలో రక్తస్రావ ఘటనలు ఆగిపోయాయని 2024 డిసెంబరులో అంతర్జాతీయ వైద్య పత్రికలో ఫలితాలు వెలువరించారు. కీళ్లలో రక్తస్రావమై రోజుల తరబడి మంచాన పడే రోగులకు ఇది చిన్న విషయం కాదు.

తెలుగు రాష్ట్రాల మన్యం ప్రాంతాలకు మరింత దగ్గరి విషయం సికిల్‌సెల్‌ ఎనీమియా. గిరిజనుల్లో అధికంగా కనిపించే ఈ రక్తవ్యాధిని 2047 నాటికి నిర్మూలించే లక్ష్యంతో కేంద్రం 2023 జులై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 17 రాష్ట్రాల్లో ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్న ఈ కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ ఉన్నాయి. మరోవైపు జన్యువును నేరుగా సరిదిద్దే క్రిస్పర్‌ విధానంలో ఇదే వ్యాధికి ఢిల్లీలోని జీనోమిక్స్‌ సంస్థ (ఐజీఐబీ) రూపొందించిన చికిత్సను బిర్సా 101 పేరుతో 2025 నవంబరులో ప్రకటించారు. అది ఆసుపత్రికి చేరాలంటే రోగులపై చేసే పరీక్షలన్నీ దాటాలి. ఆ ప్రతి మెట్టులోనూ శిక్షణ పొందిన సిబ్బంది కావాలి.

హైదరాబాద్‌లో పునాది

ఈ రంగానికి హైదరాబాద్‌లో పునాది కొత్తది కాదు. 1977లో ఏర్పాటైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) దేశంలోని అగ్రశ్రేణి జీవశాస్త్ర ప్రయోగశాలల్లో ఒకటి. 2022లో ఇక్కడి శాస్త్రవేత్తలు స్వదేశీ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా పరిజ్ఞానాన్ని రూపొందించారు. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో జన్యువును మోయగల కొవ్వు అణువులపై చాలాకాలంగా పరిశోధనలు జరిగాయి. ఉప్పల్‌లోని డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం (సీడీఎఫ్‌డీ) జన్యు వ్యాధుల నిర్ధారణకు పేరొందింది. హైదరాబాద్‌ విశ్వవిద్యాలయం జీవశాస్త్ర విభాగం, ఎల్‌.వి.ప్రసాద్‌ నేత్ర వైద్య సంస్థ పరిశోధన కేంద్రం కూడా పరిశోధక విద్యార్థులను తీసుకుంటాయి.

పరిశ్రమల వైపు చూస్తే, 1993లో ప్రారంభమైన శాంతా బయోటెక్నిక్స్‌ 1997లో స్వదేశీ హెపటైటిస్‌-బి టీకాను తెచ్చి, జన్యు సాంకేతికతతో ఇక్కడే మందు తయారు చేయవచ్చని నిరూపించింది. 1999లో రూపుదిద్దుకున్న జినోమ్‌ వ్యాలీ శామీర్‌పేట, తుర్కపల్లి పరిసరాల్లో విస్తరించింది. భారత్‌ బయోటెక్‌, బయోలాజికల్‌-ఇ వంటి టీకా సంస్థలకు ఇది నిలయం. ఎంఆర్‌ఎన్‌ఏ పరిజ్ఞానం అందుకునేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో బయోలాజికల్‌-ఇని ఎంపిక చేసింది. తిరుపతిలో 2015లో ఏర్పాటైన ఐసర్‌ వల్ల రాయలసీమ విద్యార్థులకు పరిశోధన సంస్థ చేరువైంది.

ఎవరికి ఏ పని?

జన్యు ప్రయోగశాల అనగానే బయోటెక్నాలజీ చదివినవారికే అవకాశమని భావించడం పొరపాటు. ఒక వాహకం తయారై రోగికి చేరేలోగా అనేక విభాగాలవారి చేతులు దాటుతుంది.

* ప్లాస్మిడ్‌ తయారీ: కావలసిన జన్యువును వలయాకారపు డీఎన్‌ఏలో అమర్చి, ఈ.కొలై బాక్టీరియాలో పెంచి, శుద్ధిచేసి తీస్తారు. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ పట్టభద్రులకు ఇది తొలిమెట్టు.

* కణవర్ధనం: హెచ్‌ఈకే 293 వంటి మానవ కణాలను 37 డిగ్రీల ఉష్ణోగ్రత, 5 శాతం కార్బన్‌డయాక్సైడ్‌ వద్ద పెంచి, వాటిలో వైరస్‌ వాహకాన్ని తయారు చేయిస్తారు. కణాలకు ఆదివారాలు, పండుగలు తెలియవు. ఆహార ద్రవం మార్చాల్సిన రోజున ఎవరో ఒకరు ప్రయోగశాలకు రావాల్సిందే.

* శుద్ధి, నాణ్యత పరీక్షలు: తయారైన వాహకంలో ఎంత జన్యు పదార్థం ఉందో క్యూపీసీఆర్‌తో లెక్కిస్తారు. బాక్టీరియా, మైకోప్లాస్మా, ఎండోటాక్సిన్‌ లేవని నిర్ధారిస్తారు. పరిశ్రమలో సిబ్బంది అధికంగా అవసరమయ్యే విభాగాల్లో ఇదొకటి.

* కొవ్వు గోళాల రూపకల్పన: ఇందులో ఆర్గానిక్‌ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ, ఎం.ఫార్మసీ చేసినవారికి ప్రాధాన్యం ఉంటుంది. కొత్త కొవ్వు అణువును సంశ్లేషించడం రసాయనశాస్త్రవేత్త పని. దానిని నిలకడగా ఉండే మందుగా మార్చడం ఫార్మసీ నిపుణుల పని.

* జంతు ప్రయోగాలు: పశువైద్య పట్టభద్రులకు, జంతుశాస్త్రం చదివినవారికి అవకాశాలుంటాయి. నైతిక సంఘం అనుమతి లేనిదే ఒక్క ఎలుకపైనా ప్రయోగం చేయడానికి వీల్లేదు.

* సమాచార విశ్లేషణ: జన్యుక్రమాల సమాచారాన్ని కంప్యూటర్‌పై విశ్లేషించేందుకు బయోఇన్ఫర్మాటిక్స్‌తోపాటు పైథాన్‌, ఆర్‌ వంటి భాషలు తెలిసినవారు కావాలి.

* ఆసుపత్రి విభాగం: రోగుల నమోదు, అంగీకార పత్రాలు, దీర్ఘకాల పరిశీలన వంటి పనులకు క్లినికల్‌ రీసెర్చ్‌ సమన్వయకర్తలు, నర్సులు, డీఎంఎల్‌టీ చదివిన ల్యాబ్‌ టెక్నీషియన్లు అవసరం. సికిల్‌సెల్‌ పరీక్షల వంటి క్షేత్ర కార్యక్రమాల్లోనూ టెక్నీషియన్లు, కౌన్సెలర్ల పాత్ర కీలకం.

ప్రకటనను ఎలా చదవాలి?

ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో రెగ్యులర్‌ శాస్త్రవేత్త, టెక్నీషియన్‌ పోస్టుల ప్రకటనలు అరుదు. తరచుగా వచ్చేవి ప్రాజెక్టు పోస్టులు. ఒక శాస్త్రవేత్తకు ఒక పరిశోధనాంశంపై నిర్ణీత కాలానికి నిధులు మంజూరవుతాయి. ఆ నిధులతోనే సిబ్బందిని తీసుకుంటారు. ఈ తేడా అర్థం కాక, కేంద్ర సంస్థలో ఉద్యోగం వచ్చిందని ఊళ్లో మిఠాయిలు పంచి, ఏడాది తిరిగేసరికి ఖాళీ చేతులతో ఇంటికి చేరినవారు ఉన్నారు.

ప్రకటనలో ముందుగా చూడాల్సింది జీతం కాదు, గడువు. ‘పూర్తిగా తాత్కాలికం’, ‘ప్రాజెక్టుతోపాటే ముగుస్తుంది’ అన్న వాక్యాల అర్థం అక్షరాలా అదే. సంస్థలో శాశ్వత నియామకం కోరే హక్కు దానివల్ల రాదు. తొలుత ఆరు నెలలకో, ఏడాదికో తీసుకుని, పనితీరును బట్టి పొడిగిస్తారు. ప్రాజెక్టు ఎప్పుడు మొదలైంది, ఇంకా ఎన్నాళ్లుంది అన్నది ముఖాముఖిలో అడగడం తప్పుకాదు. మూడేళ్ల ప్రాజెక్టులో చివరి ఎనిమిది నెలలు మిగిలినప్పుడు చేరడానికి, మొదటి నెలలో చేరడానికి ఎంతో తేడా ఉంది.

రెండోది అర్హతలు. తప్పనిసరి అర్హత వేరు, అభిలషణీయ అర్హత వేరు. తప్పనిసరి అర్హత లేనివారిని ముఖాముఖి గదిలోకే పంపరు. అభిలషణీయం అని రాసిన చోట కణవర్ధనం, క్లోనింగ్‌, ఫ్లో సైటోమెట్రీ వంటి పనుల పేర్లు ఉంటాయి. ఆ వరుసే ఎంపికలో అసలు కొలమానం. అందులో సగం వచ్చినా దరఖాస్తు చేయవచ్చు. ఒక్కటీ రాకపోతే ముందు వాటిని నేర్చుకోవడంపై దృష్టి పెట్టడం మేలు.

మూడోది హోదా. అదే ప్రయోగశాలలో అదే బల్ల వద్ద పనిచేసే ఇద్దరిలో ఒకరు ఫెలో, మరొకరు ప్రాజెక్టు అసోసియేట్‌ కావచ్చు. నెట్‌, గేట్‌ అర్హత ఉన్నవారికి, లేనివారికి ఒకే పోస్టులో వేర్వేరు మొత్తాలు చెల్లించే విధానం ఉంది. ఇంటి అద్దె భత్యం అదనమా, కలిపి చెప్పారా అన్నదీ చూసుకోవాలి. నేరుగా ముఖాముఖికి రమ్మనే ప్రకటనల్లో ప్రయాణ ఖర్చులు సాధారణంగా ఇవ్వరు. శ్రీకాకుళం నుంచో, ఆదిలాబాద్‌ నుంచో బయలుదేరే ముందు పోస్టుల సంఖ్య, అర్హత, అవసరమైన అసలు పత్రాల జాబితా సరిచూసుకుంటే వృథా ప్రయాణం తప్పుతుంది.

ఫెలోషిప్‌.. మెరుగైన దారి

పరిశోధనలో స్థిరపడదలచినవారికి జూనియర్‌ రీసెర్చ్‌ ఫెలోషిప్‌ (జేఆర్‌ఎఫ్‌) మెరుగైన మార్గం. 2023 జనవరి 1 నుంచి వర్తించేలా జేఆర్‌ఎఫ్‌ మొత్తాన్ని నెలకు రూ.31,000 నుంచి రూ.37,000కు, సీనియర్‌ ఫెలోషిప్‌ను రూ.35,000 నుంచి రూ.42,000కు పెంచారు. తొలి రెండేళ్లు జూనియర్‌గా, తర్వాతి మూడేళ్లు సీనియర్‌గా కొనసాగితే ఐదేళ్లలో అందే మొత్తం రూ.24 లక్షలు. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. చేతికి పీహెచ్‌డీ కూడా వస్తుంది. అయితే నిధుల విడుదలలో జాప్యం వల్ల ఫెలోషిప్‌ సొమ్ము కొన్ని నెలలు ఆలస్యంగా అందే సందర్భాలు ఉంటాయి. ఇంటి నుంచి ఆసరా లేనివారు తొలి ఏడాదికి కొంత మొత్తం చేతిలో ఉంచుకోవడం అవసరం.

ఇందుకు ప్రధాన పరీక్ష సీఎస్‌ఐఆర్‌ నెట్‌. లైఫ్‌ సైన్సెస్‌ ప్రశ్నపత్రం 200 మార్కులకు, మూడు గంటల వ్యవధిలో ఉంటుంది. ఏ విభాగంలో 20కి 15, బి విభాగంలో 50కి 35, సి విభాగంలో 75కి 25 ప్రశ్నలకు జవాబులు రాయాలి. సగం మార్కులు సి విభాగానివే. అందులో అడిగేది బట్టీ పట్టిన నిర్వచనం కాదు. ఒక ప్రయోగ ఫలితం ఇచ్చి, దాన్నుంచి ఏమి తేలుతుందని అడుగుతారు. ప్రయోగశాలలో చేతులు పెట్టనివారికి ఈ విభాగమే గండం. తప్పు జవాబుకు మార్కుల కోత ఉన్నందున 25 ప్రశ్నలను ఎంచుకోవడమే ఒక నైపుణ్యం.

బయోటెక్నాలజీ శాఖ నిర్వహించే బెట్‌ పరీక్ష మరో దారి. గేట్‌లో లైఫ్‌ సైన్సెస్‌, బయోటెక్నాలజీ, బయోమెడికల్‌ ఇంజినీరింగ్‌ పత్రాలున్నాయి. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. డిగ్రీ విద్యార్థులు ముందుగా దృష్టి పెట్టాల్సింది గాట్‌-బి పరీక్ష. దీని ద్వారా బయోటెక్నాలజీ శాఖ సాయంతో నడిచే ఎమ్మెస్సీ కోర్సుల్లో సీటు లభిస్తే సుశిక్షితులైన అధ్యాపకులు, మంచి ప్రయోగశాలతోపాటు నెలవారీ ఉపకార వేతనం కూడా అందుతుంది. అప్పుచేసి ప్రైవేటు కళాశాలలో చేరడానికి ముందు ఈ పరీక్ష ఒకసారి రాయడం వివేకం.

ముఖాముఖిలో ఏం అడుగుతారు?

మార్కుల జాబితా ఎంత ఘనంగా ఉన్నా, ప్రాజెక్టు పోస్టుల ముఖాముఖిలో తొలి ప్రశ్నలు చాలా సాదాగా ఉంటాయి. చాలామంది తడబడేది అక్కడే. ఉదాహరణకు 50 రెట్లు గాఢత ఉన్న బఫర్‌ నుంచి లీటరు పని ద్రావణం ఎలా చేస్తారని అడుగుతారు. 20 మిల్లీలీటర్ల గాఢ ద్రావణానికి 980 మిల్లీలీటర్ల నీరు కలపాలన్నది జవాబు. లక్ష కణాలకు ఒక్కోదానికి పది చొప్పున వైరస్‌ కణాలు అందాలంటే మొత్తం ఎన్ని కావాలని అడుగుతారు. పది లక్షలని లెక్క చెప్పి ఊరుకుంటే చాలదు, ఇచ్చిన సీసాలో మిల్లీలీటరుకు ఎన్ని ఉన్నాయో చూసి పరిమాణం తేల్చాలి.

ఆ తర్వాతి ప్రశ్న ప్రయోగంలో పోలిక నమూనా గురించి. జన్యువు కణంలోకి వెళ్లిందని ఎలా తెలుస్తుంది, వాహకం ఒక్కటే ఇస్తే ఏమవుతుంది, ఏమీ ఇవ్వని కణాలను పక్కన ఎందుకు పెట్టాలి అన్నవి వివరించగలగాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు నివేదికలో రాసిన ప్రతి పనినీ అడుగుతారు. వేరొకరు చేసిన ప్రయోగాన్ని తనదిగా రాసుకున్నవారు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. తెలియనిదాన్ని తెలియదని చెప్పినవారికి నష్టం తక్కువ.

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థులు ఆంగ్లంలో జవాబు చెప్పలేమని వెనుకంజ వేస్తుంటారు. ముఖాముఖిలో అలంకారయుతమైన ఆంగ్లం అవసరం లేదు. చేసిన పనిని వరుసక్రమంలో చిన్నచిన్న వాక్యాల్లో చెప్పగలిగితే సరిపోతుంది. అయితే ప్రయోగ వివరాలను రోజువారీ పుస్తకంలో ఆంగ్లంలో స్పష్టంగా రాయడం మాత్రం తప్పదు. తేదీ, పరిమాణం, సీసా నంబరు, ఫలితం రాయని ప్రయోగం జరగనట్టే లెక్క.

ప్రైవేటు సంస్థల్లో పద్ధతి వేరు

కంపెనీల్లో కొత్త విషయం కనుగొనడం కంటే చెప్పిన పనిని ప్రతిసారీ ఒకేలా చేయడానికి విలువ ఎక్కువ. మనిషి శరీరంలోకి వెళ్లే ఉత్పత్తిని జీఎంపీ అనే తయారీ ప్రమాణాల ప్రకారం చేయాలి. గౌను, చేతితొడుగులు ధరించే క్రమం నుంచి గది గాలిలోని ధూళికణాల లెక్క వరకు అన్నీ రాతపూర్వకంగా ఉంటాయి. 2019లో భారత వైద్య పరిశోధన మండలి జన్యు చికిత్స ఉత్పత్తులపై జాతీయ మార్గదర్శకాలు వెలువరించింది. అదే ఏడాది కొత్త ఔషధాలు, క్లినికల్‌ పరీక్షల నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వీటిని చదివి అవగాహన పెంచుకున్న అభ్యర్థికి నాణ్యత, అనుమతుల విభాగాల్లో ప్రాధాన్యం దక్కుతుంది.

టీకా కంపెనీలో నాణ్యత పరీక్షల ఉద్యోగం జన్యు చికిత్స కాదని చులకన చేయడం తగదు. కణవర్ధనం, శుద్ధి, స్టెరిలిటీ పరీక్ష రెండుచోట్లా దాదాపు ఒక్కటే. టీకాల విభాగంలో రెండేళ్లు పనిచేసిన అనుభవంతో జన్యు చికిత్స విభాగానికి మారవచ్చు.

కంపెనీ ఉద్యోగం శాశ్వతమన్న భ్రమ కూడా పనికిరాదు. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి పొందిన హీమోఫీలియా-బి జన్యు చికిత్స బెక్వెజ్‌ను ఫైజర్‌ సంస్థ 2025 ఫిబ్రవరిలోనే నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. రోగుల నుంచి, వైద్యుల నుంచి ఆదరణ లేకపోవడమే కారణంగా చూపింది. ప్రపంచ స్థాయి సంస్థలే వెనక్కి తగ్గుతున్న రంగంలో ఒకే నైపుణ్యాన్ని నమ్ముకోవడం కంటే రెండుమూడు విభాగాలకు పనికివచ్చే పనితనం అలవరచుకోవడం క్షేమం.

విదేశాల మాటేమిటి?

పీహెచ్‌డీ తర్వాత అమెరికా వెళ్లడం తెలుగు పరిశోధకుల్లో అనేకులకు ఆనవాయితీగా ఉంది. 2025లో అక్కడ ఆ పరిస్థితి మారింది. వైద్య పరిశోధన నిధుల్లో కోతలు పడటంతో పలు విశ్వవిద్యాలయాలు నియామకాలు తగ్గించాయి. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుం విధిస్తూ అధ్యక్షుడు ఉత్తర్వు జారీ చేశారు. అమెరికా ఎమ్మెస్‌ కోసం భారీ అప్పు చేయదలచిన కుటుంబాలు ఈ మార్పులను లెక్కలోకి తీసుకోవాలి. పరిశోధనలో పీహెచ్‌డీకి ఎంపికైతే విశ్వవిద్యాలయమే వేతనం ఇవ్వడం పరిపాటి. సొంత సొమ్ముతో చదివే ఎమ్మెస్‌కూ, వేతనంతో చదివే పీహెచ్‌డీకీ తేడా గుర్తించాలి.

మోసాల పట్ల జాగ్రత్త

ఉద్యోగం కోసం ఎదురుచూసే ఇంట్లో ఆశ ఎక్కువ, ఓపిక తక్కువ. మోసగాళ్లకు కావలసింది అదే. పేరొందిన పరిశోధన సంస్థ పేరుతో నియామక పత్రం పంపి, భద్రతా డిపాజిట్‌ కట్టమని అడిగితే అది మోసమని గ్రహించాలి. నిజమైన పోస్టు వివరాలు ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో తప్పక కనిపిస్తాయి. వాట్సప్‌లో వచ్చిన ప్రకటనను అక్కడ సరిచూడనిదే నమ్మరాదు. దరఖాస్తు రుసుం ఏదైనా ఉంటే సంస్థ పేరిట ఉన్న ఖాతాకే చెల్లించాలి తప్ప వ్యక్తుల ఫోన్‌ నంబర్లకు పంపరాదు.

శిక్షణ పేరుతో వేలల్లో వసూలు చేసే కేంద్రాల విషయంలోనూ మెలకువ అవసరం. డబ్బు కట్టే ముందు నాలుగు విషయాలు తేల్చుకోవాలి. అక్కడ నిజంగా కణవర్ధన గది ఉందా? ఒక్కో విద్యార్థి స్వయంగా ప్రయోగం చేస్తాడా, దూరం నుంచి చూస్తాడా? బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారు? గతంలో నేర్చుకున్నవారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? వీటికి సూటిగా జవాబు రాకపోతే వెనుదిరగడమే మంచిది. ధ్రువపత్రం గోడకు తగిలించుకోవడానికి పనికివస్తుందేమో గానీ ముఖాముఖిలో పైపెట్‌ పట్టుకోవడానికి పనికిరాదు.

ఏ దశలో ఏం చేయాలి?

* ఇంటర్‌ తర్వాత: బీఎస్సీలో జీవశాస్త్రంతోపాటు రసాయనశాస్త్రం ఉండేలా చూసుకోవాలి. కోర్సు పేరు ఆకర్షణీయంగా ఉందా అన్నదాని కంటే కళాశాలలో ప్రయోగశాల పనిచేస్తోందా అన్నది ముఖ్యం. ఐసర్‌ ప్రవేశ పరీక్ష రాయడం మరవరాదు.

* డిగ్రీలో: వేసవి సెలవుల్లో సమీప విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకుని వద్ద నెల రోజులైనా పనిచేయాలి. భారతీయ విజ్ఞాన అకాడమీలు నిర్వహించే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. చివరి ఏడాదిలో గాట్‌-బి రాయాలి.

* పీజీలో: చివరి సెమిస్టరు ప్రాజెక్టును మొక్కుబడిగా ముగించరాదు. ఆ ఆరు నెలలే తొలి ఉద్యోగానికి అసలు అర్హత. నెట్‌ తొలి ప్రయత్నం ఇక్కడే మొదలుకావాలి.

* పీజీ తర్వాత: ప్రాజెక్టు పోస్టులో చేరితే, ఎన్నాళ్లు కొనసాగాలో ముందే నిర్ణయించుకోవాలి. రెండేళ్లలోగా జేఆర్‌ఎఫ్‌, పీహెచ్‌డీ ప్రవేశం లేదా కంపెనీ ఉద్యోగం సాధించేలా ప్రణాళిక ఉండాలి. ఒక తాత్కాలిక పోస్టు నుంచి మరో తాత్కాలిక పోస్టుకు మారుతూ వయోపరిమితి దాటిపోతే, ఎంత అనుభవం ఉన్నా ఫెలోషిప్‌ దారి మూసుకుపోతుంది.

ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రులు మరో అంశం గమనించాలి. ప్రయోగశాల పని వేళలు ఒక్కోసారి రాత్రి వరకు సాగుతాయి. సంస్థ ఆవరణలో వసతిగృహం ఉందా, రాత్రివేళ వాహన సదుపాయం ఉందా అన్నది ముందే విచారిస్తే చేరిన తర్వాత మధ్యలో మానుకోవాల్సిన పరిస్థితి రాదు.

జన్యు చికిత్స ప్రయోగశాలలు వేల సంఖ్యలో కొలువులు కురిపించే పరిశ్రమలు కావు. ఉన్న పోస్టులు పరిమితం, అందులో అధికభాగం తాత్కాలికం. అయినా కణాలను పెంచడం, జన్యువును అమర్చడం, లెక్క తప్పకుండా కొలవడం, చేసింది చేసినట్లు రాయడం వచ్చినవారికి ఒక ప్రాజెక్టు ముగిస్తే మరో చోట పని దొరుకుతుంది. టీకాల కంపెనీ, వ్యాధి నిర్ధారణ కేంద్రం, ఔషధ పరిశ్రమ.. అన్నీ కోరేది అదే పనితనాన్ని. కనుక ఏ కోర్సులో చేరాలన్న ప్రశ్నకు ముందు, ఆ కోర్సులో చేతికి ఏ పని వస్తుందన్న ప్రశ్న వేసుకుంటే కుటుంబం పెట్టే సొమ్ముకు, విద్యార్థి వెచ్చించే ఏళ్లకు తగిన ఫలితం దక్కే అవకాశం పెరుగుతుంది.